రేష్మా ఎంచిన బోర్డు

శవం బల్ల మీద పడి ఉంది. పచ్చటి ఒళ్లు. నాలుగు చోట్ల ఉబ్బింది. నెత్తురు చుక్క లేదు. ఎందుకంటే చచ్చింది మనిషి కాదు, మదర్‌బోర్డు.

"దీనికి కూడా పోలీసులా?" సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఫోన్లో నవ్వాడు. "ఆ కంప్యూటర్ల అంగడి వెంకటేశులు మన స్టేషన్ కంప్యూటర్ కూడా చూస్తాండాడు. రాజీ చేసి వచ్చేయ్."

ఎస్సై ఈశ్వరి ఫోన్ జేబులో పెట్టుకుంది. డ్యూటీలో చేరి ఏడాది కాలేదు, అప్పుడే రాజీ అనే మాట వింటే ఆమెకు ఒళ్లు మండుతుంది. పోయింది బోర్డయితేనేం, బర్రె అయితేనేం? దొంగతనం దొంగతనమే.

2004 డిసెంబర్. కదిరి బస్టాండు వెనక సందులో రేష్మా వీడియో మిక్సింగ్ అంగడి. రేష్మా నిలబడే ఉంది. ఏడ్చిన కళ్లు కావు, పోట్లాటకు సిద్ధమైన కళ్లు.

"ఎప్పుడు కొన్నావు?"

"రంజాన్ పండగ అయిపోయినాక మేడమ్. పాత కంప్యూటర్‌లో ఒక పెళ్లి క్యాసెట్ చేయాలంటే పానం పోయేది. పెంటియం ఫోర్ ప్రాసెసర్, ఒక జీబీ ర్యామ్, అన్నీ కొత్తవే వేయించినా. బోర్డు మాత్రం వెంకటేశులన్న చెప్పింది తీసుకోలేదు. దాని రేటులో సగానికే ఇది వచ్చింది."

"ఆయన చెప్పిందాంట్లో ఏముండాది?"

"ఆటలాడేవాళ్లకు పనికొచ్చే సోకులుండాయి. నాకేం కావాల? ప్రాసెసర్‌కు సరిపోవాల. ర్యామ్‌కు నాలుగు స్లాట్లుండాల. వీడియో కార్డుకు చోటుండాల. అన్నీ దీంట్లోనూ ఉండాయి. మిగిలిన దుడ్లతో యూపీఎస్ కొన్నా. మన కరెంటు సంగతి మీకు తెలియందా?"

మూల స్టూలు మీద రేష్మా తండ్రి ఖాసిం సాబ్ కూర్చుని ఉన్నాడు. పొట్టేళ్లమ్మి ఈ అంగడి పెట్టించినవాడు.

"ఎల్లుండి పెళ్లివాళ్లకు క్యాసెట్ ఇయ్యాల మేడమ్," అన్నాడు. "ఇయ్యకపోతే ఇంకెవరూ ఈ గడప తొక్కరు. మూసేసి గోనెసంచులు అమ్ముకుంటా."

రేష్మా పెదవి కొరుక్కుంది.

"ఈ మిషన్ ఎవరైనా ముట్టుకున్నారా?" ఈశ్వరి అడిగింది.

"పోయిన సోమవారం వెంకటేశులన్న దుమ్ము దులిపిస్తానని ఆయన అంగడికి తీసుకుపోయినాడు. మరుసటి దినం తెచ్చిచ్చినాడు. ఒక పూట ఆడింది. అంతే. ఇది నా బోర్డు కాదు మేడమ్. మార్చినారు."

"బిల్లులో నంబరు రాసినాడా?"

"లేదు."

"మరి నీది కాదని ఎట్లా అంటావు?"

"యూపీఎస్ మీద నడిచే కొత్త బోర్డు నెల తిరక్కుండా ఇట్లా ఉబ్బుతుందా?"

మాట బాగుంది. కోర్టులో మాత్రం నిలబడదు.

అంతలో వెంకటేశులు వచ్చాడు. పెళ్లికి వచ్చినట్టు సెంటు కొట్టుకున్నాడు.

"చవకది వద్దని చెప్పినా మేడమ్. వింటేనా? ఓల్టేజీకి కాలిపోయింది. దీనికి గ్యారంటీ లేదు. ఇప్పుడైనా మంచిది వేయించుకోమనండి."

"ఇదే రకం ఇంకెవరికి అమ్మినావప్పా?"

"ఈ డబ్బా ఎవరు కొంటారు? ఈ పిల్ల ఒక్కదానికే తెప్పించినా."

"అబద్ధం!" రేష్మా గొంతు లేచింది. "బయ్యన్న స్టూడియోలో ఇదే రకం బోర్డు ఏడాది పైన ఆడింది. అది చూసే కదా నేను ఎంచుకుంది!"

ఈశ్వరి బోర్డును కిటికీ వెలుతురులోకి వంచింది. ఖాళీ స్లాట్ సందులో ఏదో ఎర్రటి పొడి.

"మన ఎర్రమట్టి దుమ్ము," వెంకటేశులు నవ్వాడు. "కదిరిలో వానకు కరువు గానీ దుమ్ముకు కరువా మేడమ్?"

ఈశ్వరి తడి వేలితో ఆ పొడిని అద్దింది. వేలు కడుక్కుంది. మళ్లీ చూసుకుంది. కానిస్టేబుల్‌ను పిలిచి, బయ్యన్ననూ అతని కంప్యూటర్‌నూ తెమ్మంది.

మధ్యాహ్నం రెండింటికి అందరూ అదే అంగడిలో ఉన్నారు.

"బయ్యన్నా, మొన్న దసరాకు ఆయుధపూజ చేసినావా?"

స్టూడియో బయ్యన్న వింతగా చూశాడు. "చేయకుండా ఉంటానా? కెమెరాలకు, లైట్లకు, కంప్యూటర్‌కు, అన్నిటికీ చేసినా."

"కంప్యూటర్‌కు బొట్టు యాడ పెట్టినావు?"

"లోపల మేడమ్. మూత తీసి బోర్డుకే పెట్టినా. నాకు అన్నం పెట్టేది లోపలుండేది. పైన రేకుకు పెడితే ఏమొస్తాది?"

"తర్వాత చెడిపోయిందా?"

"పోయిన సోమవారం నిలిచిపోయింది. మూడేళ్లు పూచీ నాదని వెంకటేశులే అన్నాడు కదా, తీసుకుపోయి ఇచ్చినా. అదే బోర్డును రిపేరి చేసినానని తిరిగిచ్చినాడు."

"మూత తియ్యి."

లోపల బోర్డు మెరుస్తోంది. బొట్టు లేదు.

"దసరా బొట్టు యాడ పోయింది వెంకటేశులూ?"

"తు... తుడిచినా మేడమ్."

"తుడిచిన కుంకుమ ఎగిరొచ్చి రేష్మా బోర్డు స్లాట్‌లో పడిందా?" ఈశ్వరి వేలు చూపించింది. ఎర్రటి మరక ఇంకా ఉంది. "మట్టయితే కడిగితే పోయేది. ఇది కుంకుమ. రేష్మా బోర్డు కొన్నది దసరా దాటినాక. బల్ల మీదుండే బోర్డు దసరా చేసుకున్నది."

"ఆ పిల్లే దిష్టికి పెట్టుకొని ఉంటాది!"

"మా ఇంట్లో కుంకుమ భరిణె యాడుందో వచ్చి వెతుకు రా," అన్నాడు ఖాసిం సాబ్.

ఈశ్వరి గొంతు పెంచలేదు. "పూచీ ఇచ్చినందుకు బయ్యన్నకు కొత్త బోర్డు నీ చేతి నుంచి ఇయ్యాల. అది తప్పించుకోడానికి ఈ పిల్లది పీకి ఆయనకు పెట్టినావు. చచ్చినదాన్ని ఈమెకు తగిలించినావు. పైగా ఖరీదుది అమ్ముదామనుకున్నావు. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు."

బయ్యన్న వెంకటేశులు కాలరు పట్టుకున్నాడు. ఈశ్వరి విడిపించింది, కాకపోతే కొంచెం నిదానంగా.

వెంకటేశులు పరుగున పోయి ఒక పెద్ద పెట్టె తెచ్చాడు. ఆ ఖరీదు బోర్డే.

"సాబ్, ఇది ఊరికే ఇస్తాండా. కేసు వద్దని మీ పాపకు చెప్పు."

ఈశ్వరి ఫోన్ మోగింది. సర్కిల్. "వెంకటేశులు ఇప్పుడే ఫోన్ చేసినాడు. ఊరికే ఇస్తాండాడంట కదా! ఇంకేం కావాల?"

ఖాసిం సాబ్ పెట్టెను అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఈశ్వరి ఆయన ముఖం వైపే చూసింది. ఇంత కష్టపడి పట్టుకుంటే, పెద్దాయన తలూపితే అంతా అయిపోయినట్టే.

"ఏమ్మా?" అన్నాడాయన కూతురితో.

"నాకొద్దు అబ్బా. ఇది తీసుకుంటే నేనెంచింది చెత్తేనని ఊరంతా అంటాది. నా బోర్డు నాకియ్యాల. కేసూ పెట్టాల."

ఖాసిం సాబ్ పెట్టెను వెంకటేశులు రొమ్ముకు ఆనించాడు. "అంగడి నా బిడ్డది. ఏం కావాలో దానికి తెలుసు. ఎత్తుకుపో."

"నాకు కూడా అదే రకం కొత్తది తెప్పీ," బయ్యన్న వెంకటేశులు మీద అరిచాడు. "యూపీఎస్ లేకుండా దాన్ని చంపుకున్నది నేనే."

"సార్, ఎఫ్ఐఆర్ రాస్తాండా," అని ఈశ్వరి ఫోన్ పెట్టేసింది. రేపు తిట్లు తప్పవు. తిట్టనీ.

వెంకటేశులు గబగబా స్క్రూడ్రైవర్ తీసుకుని బయ్యన్న కంప్యూటర్ మీదికి వంగాడు. రేష్మా దాన్ని అతని చేతిలోంచి లాక్కుంది.

"నువ్వు ముట్టుకోవద్దు. నా బోర్డు నేనే బిగించుకుంటా."