‘చుట్టు’ అంటే ఎంత?

టాక్సీ రావడానికి ఇంకా అరగంట ఉంది. లండన్ శివారు హౌన్స్‌లోలోని ఆ ఇంటి హాల్లో రెండు సూట్‌కేసులు సిద్ధంగా ఉన్నాయి. పదేళ్ల బిందుమాధవికి వాటిని ఒక్క తన్ను తన్నాలనిపించింది.

అవి మానస అక్కవి. మాస్టర్స్ చదువుతూ రెండేళ్లు వీళ్ల మేడ మీద గదిలో అద్దెకుంది. ఇప్పుడు ఎక్కడో దూరాన, స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో ఉద్యోగం వచ్చింది. మంచి ఉద్యోగమట. ఎవరికి మంచిదో మరి!

"ఇది నీకే," అంటూ అక్క ఒక పాత బాక్స్ కెమెరా ఇచ్చింది. పాత వస్తువులమ్మే చారిటీ షాపులో కొన్నది. "ఫిల్మ్ వేసేశాను. ఎనిమిదే ఫోటోలు. ఒక్కోటి తియ్యగానే చుట్టు. వెనక ఎర్ర కిటికీ ఉంది చూడు, అందులో..."

"ఐ నో అక్కా, ఐ నో!"

తెలుగు అర్థం కాలేదని చెప్పడం బిందుకి నామోషీ. అందుకే ఎవరేం చెప్పినా సగంలోనే తల ఊపేస్తుంది. డాన్స్ క్లాసులో చుట్టు అంటే గుండ్రంగా ఒక్కసారి తిరగడం. ఇక్కడా అంతే అనుకుంది. ఫోటో తీసిన ప్రతిసారీ కెమెరా పక్కనున్న నాబ్‌ని సరిగ్గా ఒక్కసారి తిప్పింది.

మెట్ల మీద అక్క. అమ్మతో అక్క. గేటు దగ్గర చెయ్యి ఊపుతున్న అక్క. ఎనిమిదీ తీసేసింది. టాక్సీ వెళ్లిపోయింది.

రెండు వారాలకు ల్యాబ్ నుంచి ఫోటోలు వచ్చాయి. అక్క ముఖం మీద అమ్మ చీర, చీర మీద మెట్లు, మెట్ల మీద గేటు. ఒక్కదాంట్లోనూ అక్క సరిగ్గా లేదు.

బిందు మేడ మీద ఖాళీ గదిలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత అమ్మ ఫోన్ తీసుకుని అక్కకి వీడియో కాల్ చేసింది.

"అక్కా, చుట్టు అన్నావు కదా. అంటే ఎంత? వన్ టర్న్ కాదా?"

అక్క పకపకా నవ్వింది. "ఒక చుట్టు కాదే తల్లీ! దారం చుడతాం చూడు, అలా ఫిల్మ్‌ని చుట్టమన్నాను. ఎర్ర కిటికీలో తర్వాతి నంబర్ కనబడేదాకా తిప్పాలి. అప్పుడే అడగొచ్చుగా?"

బిందు కెమెరా తెచ్చింది. నాన్న తెచ్చిన కొత్త రోల్ వేసి, అక్క చూస్తుండగా మెల్లగా తిప్పింది. కిటికీలో చుక్కలు వచ్చాయి.

"ఇదేనా?"

"కాదు, ఇంకొంచెం."

చివరికి ఒకటో నంబర్ కనబడింది.

"ఇక ఫోటో తీసుకో," అంది అక్క.

"ఊహూఁ. ఫస్ట్ ఫోటో నీదే. ఈస్టర్‌కి వస్తావా?"

"ఆఫీసులో డ్యూటీల రోటా ఎలా ఉంటుందో... చూస్తాలే బిందూ."

బిందు ఫోన్ దగ్గరికి జరిగింది.

"అక్కా, చూస్తాలే అంటే వస్తాననా, రాననా?"

"ఈస్టర్‌కి రాలేనే," అంది అక్క. "మేలో మీ హాఫ్ టర్మ్ సెలవులకి తప్పకుండా వస్తాను."

బిందు కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా కెమెరాని జాగ్రత్తగా, ఒకటో నంబర్ మీదే ఉంచి, అక్క గది కిటికీ పక్కన పెట్టింది.