పసుపు డబ్బా

"నెమ్మదిగా నడవండి! మనం వచ్చింది పిట్టల్ని చూడడానికి, పరుగు పందేనికి కాదు," అన్నారు మాధవీలత మేడమ్.

వినేవాళ్లెవరు? శామీర్‌పేట చెరువు పక్కన, సీతాఫలం పొదల మధ్య కాలిబాట పట్టేసరికే ఐదో తరగతి పిల్లలు పందెం కట్టేసుకున్నారు. దారిలో చెత్త కనబడితే ఏరడానికి మేడమ్ తలా ఒక సంచి ఇచ్చారు. ఎవరి సంచి ముందు నిండితే, తిరిగి వెళ్లేటప్పుడు బస్సులో ముందు సీటు వాళ్లది. ఆ సీటు కోసం హన్నా ఏడాదిగా కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తోంది.

ఒక లకుముకి పిట్ట నీళ్లలోకి దూకి చేపతో పైకి లేచింది. పిల్లలందరూ "అబ్బా!" అన్నారు. హన్నా అప్పుడు పొద కింద చిప్స్ కవర్ లాగే పనిలో ఉంది.

అయినా భానుప్రకాశ్ సంచే ముందుంది. వాడికి ఒకేచోట అరడజను కూల్‌డ్రింక్ సీసాలు దొరికాయి మరి. అదృష్టవంతుడు!

అప్పుడే హన్నాకు రెండు బండల మధ్య నీళ్ల మీద తేలుతున్న పసుపుపచ్చ నూనె డబ్బా కనబడింది. ఐదు లీటర్లది! బండ మీద బోర్లా పడుకుని చెయ్యి చాచి అందుకుంది. డబ్బా చెవికి నైలాన్ తాడు కట్టి ఉంది. ఎందుకు కట్టారో అని ఆలోచించే ఓపిక హన్నాకు లేదు. ముడి మహా గట్టిది. గోళ్లు మండేదాకా లాగి విప్పింది. తాడు జారి నీళ్లలో మునిగిపోయింది.

"నా సంచి నిండింది! నేనే ఫస్ట్!" అని అరిచింది.

"నీకు మస్తు పెద్దది దొరికింది లే," అని భాను మూతి ముడుచుకున్నాడు.

ఇంకో అరగంటకు అందరూ బస్సు వైపు తిరిగారు. దారిలో గట్టు దగ్గర కేకలు వినబడ్డాయి. ఆ చెరువులో చేపలు పట్టి బతికే గండయ్య తాత నడుము లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. ఆయన భార్య సాలమ్మ గట్టు మీద ఉంది.

"నువ్వే ముడి సరిగ్గ వెయ్యలే!" అంటున్నాడు తాత.

"గట్టిగనే కట్టిన. ఏమో, చేతులల్ల సత్తువ లేకపాయె. నా తప్పే గావచ్చు," అని సాలమ్మ కళ్లు ఒత్తుకుంది.

"ఏమైందమ్మా?" అని మేడమ్ అడిగారు.

"రాత్రి చీకట్ల ఏసిన వల ఏడున్నదో ఎరుక గావాలని పసుపు డబ్బ గట్టినం, బిడ్డా. గది పోయింది. ఇగ గింత పెద్ద చెరువుల వలను ఏడని దేవులాడాలె? పడ్డ చేపలు అండ్లనే కుళ్లిపోతయ్. మొన్ననే తెచ్చిన కొత్త వల."

హన్నా కాళ్లు ఆగిపోయాయి. సంచిని వీపు వెనక్కి దాచుకుంది. చెబితే మేడమ్ తిడతారు. అందరి ముందూ పరువు పోతుంది, సీటూ పోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కానీ ఆ ముడి ఎంత గట్టిదో తనకు తెలుసు.

"నా తప్పే," అంది సాలమ్మ మళ్లీ.

హన్నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "అవ్వా, నీ ముడి మంచిగనే ఉండె. నేనే విప్పిన," అంటూ డబ్బా బయటికి తీసింది. "చెత్త అనుకున్న."

భాను నోరు తెరిచాడు. గండయ్య తాత ముఖం ఎర్రబడింది. "తాడు కనవడలేదా?"

"కనవడ్డది, తాతా. సంచి నిండాలని..."

సాలమ్మ దగ్గరికొచ్చింది. "ఏడ విప్పినవో యాదికున్నదా, బిడ్డా?"

"ఉన్నది! రాండ్రి, చూపెడత!"

హన్నా వెనక్కి పరుగెత్తింది. ఈసారి మేడమ్ "నెమ్మదిగా నడవండి" అనలేదు. ఆవిడ కూడా వెనకే పరుగెత్తారు.

బండల దగ్గర గండయ్య తాత నీళ్లలోకి దిగి కాలితో వెతికాడు. అక్కడ లేదు, ఇక్కడా లేదు. దూరంగా బస్సు హారన్ మోగుతోంది. "దొరికింది!" అన్నాడు తాత చివరికి. తాడు లాగితే వల కదిలింది. అందులో చేపలు మిలమిలా మెరుస్తూ కొట్టుకున్నాయి.

సాలమ్మ తాడు కొస హన్నా చేతికిచ్చింది. "విప్పినదానివి నువ్వే గద, నువ్వే కట్టు."

హన్నా కట్టింది. సాలమ్మ లాగితే ఊడిపోయింది. మళ్లీ కట్టింది, మళ్లీ ఊడింది. మూడోసారి ముడి నిలిచింది. అందరూ నవ్వారు, హన్నా కూడా కళ్లు తుడుచుకుని నవ్వింది.

ముందు సీటు భానుకే దక్కింది. మేడమ్ తిట్టలేదు గానీ, హన్నా చెయ్యి పట్టుకుని నడిచారు. వాళ్లు గట్టు ఎక్కుతుంటే తుమ్మ పొద దగ్గర అరిగిపోయిన చెప్పుల జత కనబడింది.

"చెత్త! జల్దీ ఎత్తు, నీ సంచి సగం ఖాళీగున్నది," అన్నాడు భాను.

హన్నా వంగింది. చెయ్యి మధ్యలోనే ఆగింది. చెరువు వైపు తిరిగి గట్టిగా పిలిచింది.

"తాతా! గీ చెప్పులు ఎవరియి?"

"నాయే, బిడ్డా! ఆడ్నే ఉండనియ్!" అని నీళ్లలోంచి కేక వచ్చింది.

హన్నా ఆ రెండింటినీ పక్కపక్కనే సర్ది నీడలో పెట్టి, బస్సు వైపు నడిచింది.