లస్కరు గది దగ్గర మూడో పిలుపు

రండి, ఇలా దగ్గరకి జరగండి. కరెంటు ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చేదాకా లెక్కలు పక్కన పెట్టి ఒక సంగతి చెప్తాను. వరుణ్, ఆ గుమ్మంలో నిలబడకు నాన్నా, లోపలికొచ్చి కూర్చో. చాప మీద చోటుంది. శ్రావ్యా, ఆ టార్చి ఆపెయ్. ఇది చీకట్లో వినాల్సిన కథ.

మీరు ఈ బడి నుంచి కాలవగట్టు మీదుగా ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు, తూము పక్కన ఓ పెంకుల గది కనపడుతుంది కదా. తలుపుకి తుప్పు పట్టిన తాళం... గోడంతా పాచి. అక్కడికి రాగానే మీ అడుగులు వాటంతటవే తొందరపడతాయి. నాకు తెలుసు. నా అడుగులూ అంతే.

దాన్ని లస్కరు గది అంటారు. కాలవ నీళ్ళు ఏ పొలానికి ఎప్పుడు వదలాలో చూసుకునే మనిషి లస్కరు. అప్పయ్య అని ఒకాయన ముప్పై ఏళ్ళు ఆ గదిలోనే బతికాడు. పెళ్ళీ పెటాకులూ లేవు. ఏ రాత్రివేళ రైతు వచ్చి గట్టు మీంచి పిలిచినా లేచి తూము ఎత్తేవాడు. కాకపోతే కాస్త చెవుడు. మొదటి పిలుపుకి పలికేవాడు కాదు, రెండో పిలుపుకీ పలికేవాడు కాదు. మూడోసారి "అప్పయ్యా" అన్నాక మాత్రం లోపల్నుంచి తాపీగా వచ్చేది జవాబు —

"ఇక్కడే ఉన్నానయ్యా... చెప్పు."

నాలుగేళ్ళ కిందట, తుఫాను రాత్రి, తూము తలుపు ఎత్తబోయి జారిపడ్డాడు. మూడో రోజుకి కాలవ చివర దొరికాడు. గదికి తాళం వేశారు. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో ఇవాళ్టికీ ఎవరూ చెప్పలేరు.

అప్పట్నుంచి ఆ గదికి చెడ్డపేరు. మనిషి లేకుండా బీడీ వాసన వస్తుందన్నారు. గాలి లేకుండా తూము కిర్రుమంటుందన్నారు. పొద్దుగూకితే అటు వెళ్ళేవాళ్ళే తగ్గిపోయారు.

సరే, ఇదంతా మామూలే. పోయినేడు కార్తీకంలో మొదలైంది అసలు సంగతి.

ఒక శుక్రవారం, దీపాలు పెట్టి గంటయ్యాక, ఆ గది వైపు నుంచి పిలుపులు వినపడ్డాయి. చేల మీదుగా, గాలిలో తేలుతూ... మనుషుల పేర్లు. ఊళ్ళో బతికున్న మనుషుల పేర్లు. ఒక్కో పేరూ రెండేసి సార్లు. రెండే.

మీ నాయనమ్మలు మీకు చెప్పే ఉంటారు. రాత్రిపూట పేరు పెట్టి ఎవరు పిలిచినా మూడోసారి పిలిచేదాకా పలకకూడదు. మనిషైతే పనుండి పిలుస్తాడు కాబట్టి మూడోసారీ పిలుస్తాడు. అది మాత్రం రెండుసార్లే పిలుస్తుంది. పలికామా... మన ఊపిరి దాని పిలుపు వెంట వెళ్ళిపోతుంది.

అందుకని ఆ శుక్రవారం ఎవరూ పలకలేదు. తలుపులేసుకున్నారు. పిల్లల నోళ్ళు మూశారు. ఆ రాత్రి పిలిచిన ఆరు పేర్లలో సత్యవేదం గారిది ఒకటి. డెబ్భై ఏళ్ళ మనిషి, మర్నాటికి ఒళ్ళు కాలిపోయే జ్వరం. పాస్టరు గారొచ్చి ప్రార్థన చేశాక గానీ లేవలేదు.

రెండో శుక్రవారం ఇంకో ఆరు పేర్లు. రెండేసి సార్లు. ఎవరూ పలకలేదు.

మూడో శుక్రవారానికి దయామణి గారు చిక్కారు.

మీకు తెలిసిన దయామణి గారే, సత్యవేదం గారి మేనకోడలు. బందరులో కోర్టుల దగ్గర ఒక జెరాక్స్ షాపులో టైపు చేస్తారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోటీసులే పని. ఫలానా ఇల్లు వేలం, ఫలానావారు చనిపోయారు కనుక వారి వారసులు వీరు, ఫలానా భూమి ఇళ్ళస్థలాలుగా మార్పు... అభ్యంతరాలున్నవారు ఇన్ని రోజుల్లో తెలుపవలెను. ఆవిడ వేళ్ళకి ఆ మాటలు కంఠతా వచ్చు.

ఆవిడకి ఈ భూమ్మీద ఉన్నది ఎకరం పది సెంట్లు. వాళ్ళ నాన్న ఏసుపాదం గారు ఇరవై ఏళ్ళు ఒకరింట పాలేరుగా చేసి కొన్న చేను. దాని పక్కన, లస్కరు గదిని ఆనుకుని ఉన్న ఎనిమిదెకరాలు వెంకట్రామయ్య అనే ఆసామి కొన్నాడు. రొయ్యల చెరువు తవ్వుతాడని ఊళ్ళో అనుకుంటున్నారు. చెరువులోకి ఉప్పునీళ్ళు పెడితే, గట్టు కింద ఊట దిగి, రెండు పంటల్లో పక్క చేను చౌడైపోతుంది. ఆ చేను పోతే దయామణి గారికి ఇంకేం లేదు.

'వరిచేను చెరువుగా మార్చాలంటే చుట్టూ పొలాల వాళ్ళకి నోటీసు ఇవ్వాలి. వచ్చినప్పుడు చూద్దాం' అనుకున్నారావిడ. రోజూ పంచాయతీ బోర్డు చూసేవారు. నోటీసు రాలేదు.

ఆ శుక్రవారం బస్సు ఆలస్యమైంది. దిగేసరికి ఏడు దాటింది. సత్యవేదం గారు జ్వరం నీరసంతోనే టార్చి పట్టుకుని ఎదురొచ్చారు.

"ఈ రోజునే ఆలస్యం కావాలా అమ్మాయ్. శుక్రవారం అని చెప్పానా."

"బస్సు నేను నడుపుతున్నానా మావయ్యా."

"గట్టు దాటేదాకా మాట్లాడకు. ఏం వినపడినా సరే... వినపడనట్టే నడు."

నడిచారు. ఒక పక్క కాలవ నీళ్ళు నల్లగా, ఇంకో పక్క కోతకొచ్చిన చేలు. కప్పలు అరుస్తున్నాయి. గది ఇంకా నూరు గజాలుంది.

టార్చి ఆర్పేశారు సత్యవేదం గారు. ఎందుకంటే — గది దగ్గర వెలుగు ఉంది. మసక వెలుగు. నేలకి ఒకటిన్నర అడుగు ఎత్తులో... ఊగుతూ.

అప్పుడు వినపడింది.

"తోట దయామణీ..."

ఆవిడ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. సత్యవేదం గారి చెయ్యి వచ్చి ఆవిడ నోరు మూసింది.

"పలక్కు..." అన్నారు చెవిలో. "నీకు పుణ్యముంటుంది, పలక్కు."

కప్పలు ఆగాయి. మళ్ళీ ఆ గొంతు. ఊళ్ళోకైతే పేరొక్కటే చేరేది. ఇంత దగ్గర్నుంచి, పేరు తరవాత చిన్నగా గొణిగే మాటలు కూడా వినపడ్డాయి.

"తోట దయామణీ... తండ్రి ఏసుపాదం... సర్వే నంబరు నూట నలభై రెండు బై మూడు..."

ఆవిడ ఆ చెయ్యి మెల్లగా తీసేశారు.

"దెయ్యానికి సర్వే నంబరెందుకు మావయ్యా?"

ఇద్దరూ మూడో పిలుపు కోసం చూశారు. ఒకటి... రెండు... పది లెక్కపెట్టేంతసేపు. రాలేదు. కాగితం తిప్పిన చప్పుడు మాత్రం వచ్చింది.

అప్పుడు భయం వేసిందట దయామణి గారికి. దెయ్యం అనుకున్నప్పుడు కాదు. కాగితం చప్పుడు విన్నప్పుడు.

"ఉన్నాను" అన్నారు గట్టిగా.

వెలుగు టక్కున ఆరిపోయింది.

చీకటి. కాలవ నీళ్ళ చప్పుడు. ఆ తరవాత ఒక మగగొంతు, కిందనుంచి గొణుగుతున్నట్టు — "ఎవర్రా అది..."

దయామణి గారు టార్చి లాక్కుని ముందుకి నడిచారు. వెనకాలే ఆవిడ చేతిసంచి పట్టుకుని సత్యవేదం గారు.

గది అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో వెంకట్రామయ్య. పక్కన స్టూలు మీద తాసీల్దారు ఆఫీసు గుమాస్తా, పేరు పురుషోత్తం. ఒళ్ళో ఫైలు, మోకాలి మీద సెల్‌ఫోను. ఇందాకటి దీపం అదే. తాళం వేసిన తలుపు మీద, మైదా జిగురుతో అంటించిన ఒక కాగితం.

టార్చి దాని మీద వేసి చదివారు దయామణి గారు. చెరువు కోసం భూమి మార్పు. సరిహద్దు రైతులు పద్దెనిమిది మంది. మూడు శుక్రవారాలు, స్థలము వద్దనే, రాత్రి ఏడు గంటలకు విచారణ. పిలిచినపుడు పలకనిచో అభ్యంతరము లేనట్లుగా భావించబడును.

"దీన్ని ఇక్కడ అంటించారా" అన్నారావిడ.

"స్థలం దగ్గర అంటించాలనే ఉంది రూలు" అన్నాడు వెంకట్రామయ్య. "నువ్వు చదువుకున్నదానివి. నీకు నేను చెప్పాలా."

"ఈ తలుపు దగ్గరికి ఈ ఊళ్ళో ఎవరూ రారని మీకు తెలుసు."

"అది వాళ్ళ పిరికితనం. నాకేం సంబంధం. పేరు పిలిచాం, పలకలేదు. రాసేశాం. ఇంక వెళ్ళు. పురుగూ పుట్రా తిరిగే వేళ, ఆడమనిషివి."

దయామణి గారు గుమాస్తా వైపు తిరిగారు. "ఏం రాశారండీ?"

ఆయన తల ఎత్తలేదు. "ముమ్మారు పిలిచినను పలకలేదు అని... అది మామూలుగా రాసేదేనమ్మా."

"ఆ ముక్క నేను రోజుకి నలభైసార్లు టైపు చేస్తాను. ముమ్మారు అంటే మూడు. మీరు పిలిచింది రెండు. ఊరు ఊరంతా మూడో పిలుపు కోసమే ఆగింది. ఆ సంగతి మీకెవరో చెప్పే రెండుతో ఆపించారు. మూడోసారి పిలవండి."

"పురుషోత్తం గారూ, లేవండి, పోదాం" అన్నాడు వెంకట్రామయ్య.

"సాక్షి ఉన్నాడు" అన్నారు దయామణి గారు, మావయ్యని చూపించి. సత్యవేదం గారు తలూపారు.

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "తోట దయామణీ."

"ఉన్నానండి. నాకు అభ్యంతరం ఉంది."

రాయక తప్పలేదు. రాసి, సంతకం పెట్టించుకున్నాడు. వెంకట్రామయ్య నవ్వాడు. ఆ నవ్వు బాగాలేదు.

"ఒక్క గొంతు. ఒక్క గొంతుతో ఏమౌతుందో కూడా టైపు చేసే ఉంటావు. సొంత కక్షతో పెట్టిన అభ్యంతరం అని రాసి పక్కన పడేస్తారు. రెండో గొంతు ఉంటేనే విచారణ మళ్ళీ మొదటికొచ్చేది. పన్నెండు మందివి అయిపోయాయి. ఇవాళ్టి ఆరుగురిలో నీ ముందు నలుగురూ అయిపోయారు. ఇంకెవరున్నారు చూడండి పురుషోత్తం గారూ."

గుమాస్తా ఫైలు చూశాడు. ఇంకోసారి చూశాడు.

"ఒక్క పేరే ఉందండి. ఇరవై సెంట్లు... లస్కరు అప్పయ్య. పోయినట్టు ఎవరూ రాయించలేదు. రికార్డులో బతికే ఉన్నాడు."

"ఇంకేం. పిలవండి" అన్నాడు వెంకట్రామయ్య, కాలు మీద కాలేసుకుని. "ఈవిడకి మూడుసార్లు కావాలిగా. మూడుసార్లు పిలవండి. గట్టిగా పిలవండి. ఆయనకి చెవుడు."

"వద్దండీ..." అన్నారు సత్యవేదం గారు.

"పిలవమంటున్నానా."

"అప్పయ్యా..." అన్నాడు గుమాస్తా.

కప్పలు ఆగాయి.

"అప్పయ్యా..."

కాలవ నీళ్ళ చప్పుడు ఆగింది. నీళ్ళు పారుతూనే ఉన్నాయట. చప్పుడే లేదట.

వెంకట్రామయ్య పళ్ళు బయటపెట్టి నవ్వుతూ దయామణి గారి వైపే చూస్తున్నాడు. గుమాస్తా కలం అప్పటికే 'ముమ్మారు' అని రాయడం మొదలుపెట్టింది.

"అప్పయ్యా..."

తాళం వేసిన తలుపు వెనకనుంచి, తాపీగా —

"ఇక్కడే ఉన్నానయ్యా... చెప్పు."

...

ఎవరు ముందు పరుగెత్తారో దయామణి గారికి గుర్తులేదు. కుర్చీ కాలవలో పడింది. వెంకట్రామయ్య మోటారుసైకిలు తెల్లారేదాకా గట్టు మీదే ఉంది. పలికింది సత్యవేదం గారేమో అని మీరు అనుకోవచ్చు. ఆయన అప్పుడు ఆవిడ వెనకే, చేతిసంచి పట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నారు. బీడీ వాసన మాత్రం... ఆవిడకి వచ్చిందట.

సోమవారం ఆఫీసులో గుమాస్తా ఫైలు పెట్టాడు. అభ్యంతరాలు రెండు అని ఉంది. ఒకటి దయామణి, ఇంకొకరెవరని పై అధికారి అడిగితే, "లస్కరు అప్పయ్యండి. పిలిస్తే పలికాడు" అన్నాడట. సంతకమేదని అడిగితే, "మీరెళ్ళి పెట్టించుకోండి సార్" అన్నాడట.

విచారణ మళ్ళీ పెట్టారు. ఈసారి పట్టపగలు, పంచాయతీ ఆఫీసు దగ్గర. మొదటి పిలుపుకే పదిహేడు గొంతులు పలికాయి. చెరువు రాలేదు. మీరు బడికొచ్చేటప్పుడు తూముకి అవతల చూస్తున్నారే పచ్చటి చేను, అదే దయామణి గారి ఎకరం పది సెంట్లు.

పలికింది ఎవరని నన్నడక్కు వరుణ్. నేను లెక్కలు చెప్పేవాణ్ణి. నాకు తెలిసిందల్లా ఒకటే. గోడ మీద కాగితం కనపడితే ఆగి చదవండి, ఎంత భయమేసే గోడైనా సరే. మీ పేరు పిలిస్తే మొదటిసారే పలకండి. మనం పలకలేదని రాసుకోవడానికి కలం పట్టుకుని కూర్చునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

అదిగో, కరెంటొచ్చింది. లేవండి. అన్నాలు చల్లారిపోతాయి, మీ అమ్మలు గుమ్మాల్లోకొచ్చి చూస్తుంటారు. అందరూ కలిసి వెళ్ళండి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోండి.

లస్కరు గది దాటేటప్పుడు మాత్రం... ఎవరైనా వెనకపడితే, ఆగి వాళ్ళ కోసం చూడండి. అంతేగానీ, అక్కడ ఎవర్నీ మూడుసార్లు పిలవకండి.