బూడిద కుండలో జెల్లీచేప

ఆ గురువారం పొద్దున ఆత్మకూరులో జయపాల్‌కి కాఫీ చేదుగా ఉంది. చక్కెర సరిపోయింది. కడుపులో మంటే ఎక్కువైంది.

పదేళ్ళు మద్రాసులో ఉండి గాజు ఊదడం నేర్చుకొచ్చిన మనిషి అతను. బడుల్లో ప్రయోగాలకు గాజు గొట్టాలు చేసేవాడు. పెళ్ళాం రూబీ పక్కన కూర్చుని మంటకు గాలి అందేలా కాలితో తిత్తి తొక్కేది. సరదాకి ఆమెకూ పని నేర్పాడు. నేర్పినందుకు ఏమైంది? ఒక్కసారి మైపాడు సముద్రం చూసొచ్చి పీతలు, శంఖాలు, సముద్రపు గుర్రాలు చేసి పెట్టింది! నెల్లూరు ప్రదర్శన వాళ్ళు వచ్చి, అతని గొట్టాలు పక్కకి నెట్టి ఆమె పీతను చేతిలోకి తీసుకున్నారు. "మీ ఆయన కూడా సాయం చేస్తాడా అమ్మా?" అనడిగారు. సాయమంట! అప్పటి నుంచి జయపాల్‌కి నిద్ర లేదు.

రేపు సాయంత్రం వాళ్ళే రూబీని అడిగిపెట్టిన గాజు జెల్లీచేప కోసం వస్తున్నారు. తెల్లారేసరికే రూబీ దాన్ని చేసి, వేడి బూడిద కుండలో పూడ్చింది. చల్లారేదాకా తీయకూడదు, తీస్తే పగులుతుంది. ఆ సంగతి ఆమెకు చెప్పింది జయపాలే.

రూబీ స్త్రీల ప్రార్థనకు వెళ్ళగానే అతను కుండ దగ్గరికి చేరాడు. జెల్లీచేప కింద వేలాడే వెంట్రుకంత సన్నటి గాజు పోగులు ఎట్లా లాగింది? అడగాలంటే నామోషీ. పగిలితే పగలనీ అని కూడా లోపల అనిపించింది. బూడిద తోసి పైకి తీశాడు. టింగుమంది. చేతిలో రెండు ముక్కలు. గబగబా మళ్ళీ పూడ్చేశాడు.

సాయంత్రం కుండ తెరిచి రూబీ కెవ్వుమంది.

"నేనేనేమోనమ్మా," అంది అత్త రెబెకమ్మ. "అంట్లు తోమను గుప్పెడు బూడిద తీసినాను."

"ఎన్నిసార్లు చెప్పినాను అత్తా, ఆ కుండ ముట్టొద్దని!"

ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. జయపాల్ ఇక నిలవలేకపోయాడు.

"అమ్మనేమీ అనబాక. నేను తీసినాను."

"మీరా? మర్చిపోయి తీసినారా?"

"తెలిసే తీసినా. నీ పేరు వింటేనే నాకు కుళ్ళుగా ఉండాది రూబీ."

రూబీ ముక్కల వంక చూస్తూ నిలబడింది. కళ్ళు నిండాయి.

"ఏది చేసినా మొదట మీకు చూపించాలనే చేసినాను. మీకే కుళ్ళయితే నేనెవరికి చూపించేది?"

జయపాల్ సిగ్గుతో తల వంచుకుని వెళ్ళి, ఎన్నేళ్ళుగానో ఆమె కూర్చున్న తిత్తి దగ్గర కూలబడ్డాడు.

"రా, కూర్చో. గాలి నేను తొక్కతా. ఆ పోగులు ఎట్లా లాగతావో నాకూ నేర్పు."

రూబీ ముందు అత్త చేతులు పట్టుకుంది. "నోరు జారినాను అత్తా."

"సరేలేమ్మా, పొద్దు పోకముందే పని చూసుకోండి," అని రెబెకమ్మ కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు నెల్లూరు వాళ్ళు కొత్త జెల్లీచేపను వెలుగుకి ఎత్తి చూశారు.

"ఇది ఎవరు చేసినారు?"

జయపాల్ కడుపులో ఆ పాత మంట ఇంకా కొంచెం ఉంది. అయినా మాట మింగలేదు.

"రూబీ చేసింది సార్. నేను తిత్తి తొక్కినాను."