చింతపండుతో తోమిన తూటాలు

దోహాలో అల్ హిలాల్ వైపు ఒక పాత విల్లా ఉంది. దాని పెరట్లో, రేగుచెట్టు వెనక, ఒంటరిగా ఒక గది. ఆ గదికి చెడ్డపేరు. రాత్రి నమాజు అయిపోయినాక లోపల దీపం వెలగదు, మనిషి ఉన్న జాడ ఉండదు... చప్పుడు మాత్రం వస్తుంది. కిర్రుమని ఇనుప పిడి కిందికి దిగినట్టు — టక్కుమని మళ్ళీ పైకి లేచినట్టు.

ఆ ఇంటి పెద్దాయనకు బతికున్నన్నాళ్ళూ వేటపిచ్చి. ఆఫ్రికా దాకా పోయి అడవిదున్నల్ని కొట్టుకొచ్చేవాడు. అంగట్లో అమ్మే తూటాలు ఆయనకు ఆనవు. ఇత్తడి గొట్టాలు, తుపాకి మందు, గుండ్లు వేరువేరుగా తెప్పించుకుని, ఆ గదిలో బల్లకు బిగించిన పిడి నొక్కుతూ తన తూటాలు తానే కట్టుకునేవాడు. ఆయన పోయినాడు. పిడి ఆగలేదు.

"ఇంకా కడతానే ఉండాడు," అని డ్రైవర్ వెంకటప్ప గొంతు తగ్గించి చెప్పేవాడు. "యాడ వేటకు పోవాలనో ఏమో."

"పైన ఉండే దున్న యముడిది కదన్నా. దాని మీద కన్నుపడిందేమో," అని వంటామె లూర్దమ్మ నవ్వేది. నవ్వేది గానీ, పొద్దు మునిగితే ఆ రేగుచెట్టు దాటేది కాదు. ఇద్దరిదీ రాయచోటి పక్కే. ఒకరి భయం ఒకరికి తెలుసు.

ఆరోజు మధ్యాహ్నం, పెద్దాయన కొడుకు నాసర్ బాబా ఆమెను పిలిచి ఆ గది ఊడ్చమన్నాడు. తెల్లారి విమానానికి ఆయన ఆఫ్రికా పోతున్నాడు. దున్నవేట. నాన్న కట్టిపెట్టిన తూటాలే తీసుకుపోతానని పట్టు.

పట్టపగలు కదా అని లూర్దమ్మ పోయింది. బల్లమీద పెట్టెలో తూటాలు నిలబెట్టి ఉన్నాయి. ఇత్తడి. మడ్డిబారి, అడుగున నల్లగా, ఎర్రగా మరకలు అంటుకుని ఉన్నాయి. ఆమె చేతులు ఊరుకోలేదు. ఇత్తడి అట్లా మాసి కనబడితే మనింటి ఆడవాళ్ళకు మనసొప్పుతుందా? వంటింట్లోంచి చింతపండు, చిటికెడు ఉప్పు తెచ్చి, ఒక్కొక్కటే రుద్ది, పొడిగుడ్డతో తుడిచి పెట్టింది. చర్చిలో కొవ్వొత్తి స్తంభాల మాదిరి మెరిసినాయి.

రాత్రి అన్నం తినేటప్పుడు మురిసిపోతూ ఆ మాట చెప్పింది. వెంకటప్ప చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"అడుగున గీతలుండాల. తుడిచేసినావా?"

"గీతలేంది? మరకలు కదన్నా అవి."

"మరకలు కాదు మా. ఎర్రగీతది దున్నకు. నల్లగీతది ఎడారిలో గురి చూసుకునేదానికి, దాంట్లో మందు సగమే. బాబా కార్లో చెప్తాంటాడు. జింకకు సన్న తుపాకి చాలంట, దున్నకు త్రీ సెవెంటీ ఫైవ్ అనే పెద్ద తుపాకికి తగ్గకూడదంట. అంత తుపాకిలోనూ సగం మందుది పడిందనుకో..."

"పడితే?"

"దున్న చావదు. దానికి కోపమొస్తాది. మీదికొస్తాది."

లూర్దమ్మ కంచం పక్కకు నెట్టింది. ఆ పిల్లోడికి రోజూ పొద్దున చాయ్ ఇచ్చేది తనే.

"బాబాకు చెప్పేద్దామన్నా."

"చెప్పు. పొద్దునకి ఆయన ఆఫ్రికా విమానం, నువ్వు ఊరి విమానం." వెంకటప్ప కారు తాళాలు తీసుకున్నాడు. "మగోళ్ళు కూడే మజ్లిస్ కాడినుంచి ఆయన్ను తేవాల. వస్తానే పెట్టె సర్దుకుంటాడు. అంతలోపల ఆ తూటాలు కనపడకుండా చెయ్యి. అవి లేకుంటే అంగడివి తీసుకుంటాడు."

"తోడు రాన్నా."

ఆయన గేటు దాటేసినాడు.

లూర్దమ్మ మెడలోని జపమాల పిడికిట్లో పట్టుకుని పెరట్లోకి దిగింది. గాలి లేదు. ఉక్క. రేగుచెట్టు ఆకు కదలడంలేదు. ఒక అడుగు... ఇంకొక అడుగు...

కిర్ర్ —

లూర్దమ్మ ఆగిపోయింది.

— టక్.

వెనక్కి పోదామనుకుంది. నాసర్ బాబా ముఖం కళ్ళముందు ఆడింది. తలుపు తోసింది. అది ముందే తీసి ఉంది.

ఫోను వెలుతురు గోడమీద పడింది. దున్న తల. గాజు కళ్ళు ఆమెనే చూసినాయి. వెలుతురు జారి కిందికొచ్చింది... బల్ల... కుర్చీ...

కుర్చీలో మనిషి.

వీపు ఇటువైపు. భుజాల మీద పెద్దాయన నల్ల అంగీ. తలమీద ముసుగు. ముడతల చెయ్యి ఒకటి తూటా ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని, మెల్లగా ఊపుతోంది.

లూర్దమ్మ మోకాళ్ళమీద కూలబడింది. "పెద్దబాబా... తప్పు నాదే. తెలీక తోమినా. నన్నేమన్నా చెయ్యి. నీ కొడుకును మాత్రం..."

చెయ్యి ఆగింది.

"ఆ వెలుతురు కొంగులో దాచు," అంది కుర్చీలోని మనిషి. "బయటికి కనబడుతుంది."

ఆడగొంతు.

పెద్ద మేడమ్. నాసర్ బాబా తల్లి. మోకాళ్ళ నొప్పులని రాత్రి నమాజు కాగానే గది తలుపు మూసుకునే మనిషి. ఇందాకే ఆ మోకాళ్ళకు నూనె రాసి, దుప్పటి కప్పి వచ్చింది లూర్దమ్మే.

"వంటింటి వాసన వస్తున్నాయి," అంది ముసలామె తూటాను ముక్కు దగ్గర పెట్టుకుని. "పులుసులో వేసినావా వీటిని?"

లూర్దమ్మ ఫోను కొంగులో చుట్టుకుని లేచింది.

"దగ్గరికి రా. విను." చెవి దగ్గర ఊపింది. లోపల ఇసుక కదిలినట్టు గలగల. "సగం మందు. ఇది మాట్లాడుతుంది." ఇంకొకటి ఊపింది. ఏమీ లేదు. "నిండు మందు. కదలడానికి దానికి చోటు లేదు."

మాట్లాడేవి ఎడమపక్కకు, మాట్లాడనివి కుడిపక్కకు పోయినాయి. కొంచెం అనుమానం వచ్చినదాన్ని ఆమె రెండో మాట లేకుండా చెత్తబుట్టలో పడేసింది.

"రోజూ... మీరేనా?"

"ఆయనకు చేతులు వణకడం మొదలైంది. అప్పటినుంచి కట్టింది నేను. పేరు ఆయనది." ఎర్ర కలం తీసి గీతలు పెడుతోంది. "దున్న ఎదురొచ్చినప్పుడు, తుపాకిలో ఉన్నది మా నాన్న తూటా అనుకుంటేనే నాసర్‌కు చెయ్యి వణకదు. అమ్మ చేసిందని తెలిసినరోజు, ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ఆ ఒక్క క్షణం చాలు దున్నకు."

గేటు తెరుచుకున్న చప్పుడు. కారు దీపాలు గోడమీద పాకినాయి. ముసలామె అంగీ దగ్గరికి లాక్కుని, కుంటుకుంటూ వెనక తలుపులోంచి చీకట్లో కలిసిపోయింది.

నాసర్ బాబా వచ్చి ఎర్రగీతవి ఏరి పెట్టెలో పెట్టుకున్నాడు. మూత వేసేముందు ఒకదాన్ని కళ్ళకద్దుకున్నాడు. లూర్దమ్మ తల వంచుకుని నిలబడింది.

ఆయన పైకి పోయినాక వెంకటప్ప రేగుచెట్టు ఇవతలే నిలబడి గుసగుసగా అడిగినాడు.

"ఏముంది మా లోపల?"

లూర్దమ్మ చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. అందుకే ఆయన నమ్మినాడు.

"పెద్దాయనే అన్నా. కుర్చీలో కూర్చోనుండాడు. నా కళ్ళతో చూసినా. పొద్దు మునిగినాక అటు ఎవరూ పోవద్దని అందరికీ చెప్పు."