కోటి రౌండ్లు, సున్నా తప్పులు

శవం బరువు ఇరవై రెండు టన్నులు.

మంగళవారం ఉదయం 9:47కి రేవులో ఒక క్రేన్ తన కంటైనర్‌ని గాల్లో ఉండగానే వదిలేసింది. అది కాంక్రీటు మీద పడి పగిలింది. లోపలంతా టాయిలెట్ పేపర్. రేవు పొడుగునా తెల్లటి చుట్టలు గాలికి విప్పుకుంటూ పరిగెత్తాయి.

నవ్వొచ్చే శవమే. కింద మనిషి ఉండుంటే నవ్వొచ్చేది కాదు.

క్రేన్‌ని నడిపే ప్రోగ్రామ్‌ని చిప్ భాషలోకి మార్చిన కంపైలర్ టాంపెరే అనే ఊళ్లో, ఒక పాత నూలు మిల్లు మూడో అంతస్తులో పుడుతుంది. దాన్ని ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, ఎవరైనా తిట్టొచ్చు. తిట్టేవాళ్లే ఎక్కువ.

గురువారం 11:10కి విల్యా ఆ మెట్లెక్కింది. ఆరేళ్లు సైబర్ క్రైమ్ పోలీసుగా చేసి మానేసింది. ఇప్పుడు ఈ ప్రాజెక్టులో ఏది కూలినా పోస్ట్‌మార్టమ్ ఆమెదే.

"నువ్వు రానక్కర్లేదు," అంది ప్రాజెక్టు పెద్ద హిల్కా. "ఎవరో తేలిపోయింది. పన్నెండుకి మీటింగ్. ఊనా క్షమాపణ మీద సంతకం పెట్టి, కోడ్ మార్చే హక్కు వదులుకుంటుంది."

"పెట్టను," అంది కిటికీ దగ్గర్నుంచి ఊనా. ఇరవై ఆరేళ్ల మనిషి. ఏడేళ్లుగా తన సాయంత్రాలన్నీ ఈ కంపైలర్‌కే పోసింది. "ఆ కాగితంతో కావాలంటే పడవ చేసిపెడతా."

"తేలిందన్నావు. ఎలా?" విల్యా హిల్కానే అడిగింది.

"ఈ రిలీజ్‌లో కోడ్‌కి చేసిన కొత్త మార్పులు, ప్యాచ్‌లు, రెండే. ఒకటి తోర్స్తిది, ఒకటి ఊనాది. తోర్స్తిది టెస్ట్ బోర్డు మీద కోటి రౌండ్లు పాసైంది. ఇక మిగిలిందెవరు?"

"మళ్లీ నడిపి చూశారా?"

"సంతకమున్న టెస్ట్ లాగ్‌ని మళ్లీ తవ్వం. రూలు."

"నేను అడిగా," అంది ఊనా. "మూడుసార్లు. బోర్డు ముట్టుకునే హక్కు నిన్ననే తీసేశారు."

తోర్స్తి కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు. గడ్డం, ఉన్ని సాక్సులు, పదిహేనేళ్ల పెద్దరికం.

"నీ ప్యాచ్ ఏం చేస్తుంది?" విల్యా అడిగింది.

"ఒక బారియర్ తీసేస్తుంది. దండగది. తొమ్మిది శాతం స్పీడ్ తినేస్తోంది."

"నాకు అర్థమయ్యేలా చెప్పు."

చెప్పింది ఊనా. "క్రేన్ చిప్‌లో రెండు కోర్లు, రెండు మెదళ్లనుకో. ఒకటి బరువెంతో రాసి, తర్వాత 'రెడీ' అని జెండా ఎత్తుతుంది. రెండోది జెండా చూసి బరువు చదువుతుంది. కానీ ఆ చిప్‌లో జెండా ముందు కనబడి, బరువు ఆలస్యంగా రావచ్చు. అప్పుడు రెండోది పాత బరువు చదువుతుంది. సున్నా అని. పెట్టె నేలకి దిగిపోయిందనుకుని పట్టు వదిలేస్తుంది. అలా జరక్కుండా మధ్యలో నిలబడే కాపలావాడే బారియర్."

"అబ్బా, మళ్లీ మొదలు!" తోర్స్తి నవ్వాడు. "పదేళ్లుగా నా లాప్‌టాప్‌లో కాపలావాడు లేకుండానే నడుపుతున్నా. ఒక్కసారి వరస తప్పలేదు."

"నీ లాప్‌టాప్ చిప్ బుద్ధిమంతురాలు మహానుభావా. రాసిన వరసలోనే చూపిస్తుంది. క్రేన్‌లోది ఆ మాటివ్వలేదు."

"అందుకే క్రేన్‌లో ఉండే చిప్పే ఉన్న బోర్డు మీద టెస్ట్ చేశా. లాగ్ చదువుకో."

విల్యా చదివింది. మార్చి 13. మొదలు 11:32. ముగింపు 12:19. కోటి రౌండ్లు, సున్నా తప్పులు. కింద తోర్స్తి సంతకం.

"బోర్డు ఎక్కడుంది?"

"వంటింట్లో. నెట్‌వర్క్ తీగ అక్కడిదాకానే వచ్చింది," అంది హిల్కా.

వంటింట్లో బఠాణీ సూప్ ఉడుకుతోంది. వంటమనిషి హెల్వి పెద్ద కరెంటు పెనం మీద అట్లు పోస్తోంది. పైన అరలో అరచేయంత బోర్డు. దాని లైటు వెలగడం లేదు. తీగ కిందికి వేలాడుతోంది.

విల్యా ప్లగ్ పట్టుకుంది. జిగురు. వేలు నాలుకకి తగిలించింది.

స్ట్రాబెర్రీ జామ్.

"హెల్వి, ఇక్కడ ఎన్నేళ్లయింది నీకు?"

"పద్నాలుగు. ఆకలేస్తోందా తల్లీ?"

"ఒక్క గురువారమైనా అట్లు మానేశావా?"

"పిచ్చా నీకు? గురువారం అట్లు లేకపోతే వీళ్లు మనుషుల్లో ఉంటారా?"

విల్యా ఫోన్‌లో క్యాలెండర్ తెరిచింది. చూసి మూసేసింది.

పన్నెండుకి అందరూ వంటింటి బల్ల చుట్టూ చేరారు. ఊనా సూప్ గిన్నె పక్కన క్షమాపణ కాగితం, పైన పెన్ను. అట్ల మీదికి జామ్ చెయ్యి మారుతోంది.

"సంతకం," అంది హిల్కా.

"నేను చెయ్యని పనికి సారీ చెప్పను. హక్కులు పీకేసుకోండి. అబద్ధం మాత్రం నా చేత రాయించలేరు."

విల్యా లేచింది. వెళ్లి అట్ల పెనం ప్లగ్ పీకేసింది.

"ఏయ్!" హెల్వి అట్లకాడ ఎత్తింది. "పిండి పచ్చిగా ఉంది!"

"క్షమించు. ఈ గోడకి సాకెట్లెన్ని?"

"ఒకటే."

"గురువారం పెనం ఎలా పెడతావు?"

"పదకొండుకి అరలోని ఆ పచ్చ లైటు డబ్బీ తీగ పీకుతా. ఒంటిగంటకి మళ్లీ పెడతా. పద్నాలుగేళ్లుగా అంతేగా!"

బల్ల చుట్టూ చెంచాలు ఆగిపోయాయి. ప్రతి గురువారం ఈ అట్లే తిన్నారు. పెనానికి కరెంటు ఎక్కణ్నుంచి వస్తోందో ఒక్కరూ చూడలేదు.

"మార్చి 13 గురువారం," అంది విల్యా. "11:32కి ఈ బోర్డుకి ప్రాణమే లేదు తోర్స్తి. కోటి రౌండ్లు ఎవరు పరిగెత్తారు?"



విల్యా బోర్డు ప్లగ్ పెట్టింది. పచ్చ లైటు వెలిగింది. ఎప్పుడెప్పుడు లేచిందో బోర్డే రాసుకుంటుంది. ఆ జాబితా తెర మీదికి తెచ్చింది. మార్చి 13న లేచింది 13:04కి.

"సంతకమున్న లాగ్‌ని మనం..." హిల్కా అనబోయింది.

"రూలు నీ దగ్గరే ఉంచుకో. నేను నడుపుతున్నా. ఊనా ప్యాచ్ లేదు. తోర్స్తిది ఒక్కటే."

ఎవరూ తినలేదు. హెల్వి మాత్రం పచ్చి అట్టుని చూసి గొణుగుతోంది. నాలుగో నిమిషంలో తెర మీద మొదటి ఎర్ర గీత పడింది. జెండా ఎత్తి ఉంది, బరువు సున్నా. పదో నిమిషానికి పందొమ్మిది.

పందొమ్మిది కంటైనర్లు.

"లైటు ఆరి ఉంటే బోర్డు చెడిపోయిందనుకున్నా," తోర్స్తి గొంతు చిన్నదైంది. "ఆ రోజే రిలీజ్. లాప్‌టాప్‌లో నడిపి, లాగ్ పై లైనులో లాప్‌టాప్ పేరు తీసి బోర్డు పేరు పెట్టా. ఎలాగూ పాసవుతుంది కదా అని."

"ఎలాగూ," అంది విల్యా. "స్టేషన్లో ఎక్కువసార్లు విన్న మాట."

హిల్కా క్షమాపణ కాగితం వైపు చెయ్యి చాపింది. ఊనా దాని మీద అరచెయ్యి వేసింది.

"ఉండనీ. కింద పేరొక్కటే మారాలి."

కాగితాన్ని తోర్స్తి ముందుకి జరిపి, తన లాప్‌టాప్ తెరిచింది. హక్కులు తిరిగిచ్చేదాకా హిల్కా వైపు కన్నార్పకుండా చూస్తూ కూర్చుంది.

12:41కి కాపలావాడు తిరిగి తన చోటికి వచ్చాడు. ప్యాచ్ కింద ఊనా ఇలా రాసింది:

"టెస్ట్ చేసింది ఊనా. బోర్డు మీద. ప్లగ్ పెట్టి."