ఐదో నంబరు పలికింది

కోవిల్‌పట్టి చుట్టుపక్కల అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని ఎవరూ ఫ్యాక్టరీ అనరు, తీపెట్టి ఆఫీసు అంటారు. కుర్చీలూ ఫైళ్లూ ఉండే ఆఫీసు కాదది. రేకుల షెడ్డు, మందు వాసన, మెడలు వంచి పనిచేసే ఆడవాళ్లు, అంతే. సంగవి వాళ్ల నాన్నకు అలాంటిదొకటి ఒట్టపిడారం దారిలో, నల్లరేగడి చేల మధ్య ఉంది. ఇంజనీరింగు చదివిన కూతురు ఇంట్లో ఖాళీగా కనబడితే ఏ తండ్రి ఊరుకుంటాడు? మందులో ముంచిన పుల్లలు ఆరబెట్టే గదికి కాపలా ఏర్పాటు చేసే పని ఆమెకు అంటగట్టాడు.

ఆ కాపలా ఎందుకో ఊరందరికీ తెలుసు. పోయిన ఎండాకాలం ఆ గదిలో మంటలు లేచి, పనిచేసే రాక్కమ్మాళ్ లోపలే పోయింది. పోయేముందు "నాగక్కా" అని ఒక్కసారి పిలిచింది. సంగవి అవ్వ నాగమ్మాళ్ వాకిట్లోనే ఉంది, విన్నది. వినీ పలకలేదు. మిట్టమధ్యాహ్నం ఒంటి పిలుపు వినబడితే పలకకూడదని ఆ ఇళ్లలో కట్టడి. మనిషైతే మళ్లీ పిలుస్తుంది, ఒక్కసారి పిలిచి ఊరుకునేది మనిషి కాదని వాళ్ల నమ్మకం. పలికితే మన వెంట పడుతుందట.

సంగవి గది నాలుగు మూలలా వేడి కొలిచే గోరంతేసి చిప్పులు నాలుగు బిగించింది. వేడి హద్దు దాటితే అవి తమందరికీ ఉమ్మడిగా ఉన్న ఒకే తీగను లాగుతాయి, బయట బల్ల మీది పెట్టె కూస్తుంది. మరి లాగింది ఎవరో తెలియాలి కదా? పెట్టె అన్నిటినీ కలిపి "ఎవరది?" అని అడుగుతుంది. లాగిన చిప్పు తన నంబరు చెబుతుంది, అది పెట్టె తెర మీద పడుతుంది. మిగతావి నోరెత్తవు.

మొదట్లో తలుపు తెరిచి ఎండగాలి తగిలినా చాలు, కూత. ఆడవాళ్లు పరుగో పరుగు, పని అటకెక్కింది. అప్పుడు అవ్వే ఉపాయం చెప్పింది.

"ఒక తూరికే పలక్కుండా చెయ్ అమ్మీ. మూడు తూర్లు పిలిస్తే పలకనీ."

చిప్పులో మూడుసార్లన్న లెక్క పెట్టే వీలు లేదు. ఒకటి, రెండు, నాలుగు, ఆరు ఉన్నాయి. సంగవి ఏకంగా ఆరు పెట్టింది. వరసగా ఆరుసార్లు హద్దు దాటిన వేడి కనబడితేగానీ చిప్పు తీగ లాగదు, మధ్యలో ఒక్కసారి తగ్గినా లెక్క మళ్లీ మొదటికే. తన తెలివికి తానే మురిసిపోయింది, పిచ్చిది.

చిత్తిర నెల, నడి ఎండాకాలం. నాన్న సరుకు కోసం విరుదునగరం వెళ్లాడు. ఆడవాళ్లు అన్నాలకు లేచారు. ఈమధ్యే పనిలో చేరిన ఇద్దరు బిడ్డల తల్లి జోతి మాత్రం పుల్లల తట్టలు సర్దేసి వస్తానని గదిలోనే ఉండిపోయింది. ఎండకు కాకి కూడా అరవడం లేదు. రేకులు టిక్కుటిక్కుమంటున్నాయి. మందు వాసన గొంతులో చేదుగా దిగుతోంది. సంగవి, అవ్వ బల్ల దగ్గర మజ్జిగన్నం తింటున్నారు.

పెట్టె కూసింది.

తెర మీద... ఐదు.

సంగవి ఎంగిలి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఐదో చిప్పు లేదు. తాను బిగించింది నాలుగే. నంబరు చదవగానే కూత ఆగింది... మళ్లీ తీగ లాగారెవరో. ఎవరది? ఐదు.

"ఏంది అమ్మీ?"

"ఏమీ లేదవ్వా... తప్పు చూపిస్తా ఉంది."

ఆ ఐదో నంబరును వేడి ఎంతని అడిగింది. రేకుల కింద నలభై దాటి కాగుతున్న గదిలోంచి... ముప్ఫై ఏడు అని జవాబొచ్చింది. ఒంటి వేడి. బతికున్న మనిషి ఒంటి వేడి.

గబగబా మిగతా వాటిని అడిగింది. మూడింటిది మామూలు వేడే. రెండోది హద్దు దాటింది. దాటినా ఆరు లెక్క నిండేదాకా అది నోరు తెరవదు. దాని నోరు కట్టింది తానే.

అప్పుడు వినబడింది. లోపల్నుంచి.

"సంగవీ..."

ఒక్కసారే.

ఆమె లేవబోయింది. అవ్వ మణికట్టు పట్టుకుంది.

"పలకొద్దు... ఇంగో తూరి పిలవనీ."

"లోన జోతక్క ఉందవ్వా!"

"ఉంటే పిలుస్తాది... ఉండు."

చప్పుడు లేదు. రేకులు కూడా ఆగిపోయాయి. ఊపిరి ఉంటే కదా రెండోసారి పిలిచేది? రాక్కమ్మాళ్‌కు ఆ ఊపిరి మిగల్లేదు. అవ్వకూ అదే గుర్తొచ్చినట్టుంది, కళ్లు నిండాయి. పట్టు మాత్రం వదల్లేదు.

సంగవి చెయ్యి విదిలించుకుంది. "వస్తిని!" అని గొంతు చించుకుని అరుస్తూ పరుగెత్తింది.

తలుపు తీస్తే పొగ. రెండో చిప్పున్న మూల, తట్టల పక్కన, నేల మీద జోతి. చంకల కింద చేతులు వేసి ఈడ్చుకొచ్చింది. వాకిలి దాటారో లేదో వెనక గది భగ్గుమంది. పెట్టె అప్పుడు కూసింది. తెర మీద రెండు.

సాయంత్రం కోవిల్‌పట్టి ఆసుపత్రిలో జోతికి తెలివొచ్చింది. బిడ్డలిద్దరూ తల్లి కాళ్ల దగ్గర నిద్రపోతున్నారు. సంగవికి ఏడుపు ఆగలేదు.

"నువ్వు పిలవబట్టి సరిపాయె అక్కా."

జోతి తల అడ్డంగా ఊపింది. "నేనెక్కడ పిలిస్తిని? పొగకు నోరే రాలేదు. నా పక్కన కూర్చోని ఉండె కదా, ఆయమ్మ పిలిచె."

"ఏ... ఏ ఆయమ్మ?"

"తెలీదు. నా చెయ్యి పట్టుకోని ఉండె. నువ్వు వస్తిని అంటివి చూడు... నవ్వుతా లేచె. నన్ను వదిలేసె."

సంగవి మంచం మీదికి వంగింది. "లేచి... ఎక్కడికి పోయె?"

జోతి ఆమె వైపు వింతగా చూసింది.

"ఇదేందమ్మీ, నీ చున్నీ పట్టుకోని నీ కూడానే కదా బయటికొచ్చె?"